ఐదో తారీఖు, తెల్లవారుజామున నాలుగున్నర: ఒక కాలువ వంతెన కేసు

వంతెన పేరు, ఊరి పేరు రాయడం లేదు. శ్రీరాంసాగర్ ప్రాజెక్టు (ఎస్సారెస్పీ) కాకతీయ కాలువ మీద, వరంగల్ నుంచి బస్సులో గంటన్నర దూరంలో ఉన్న ఒక చిన్న వంతెన అనుకోండి, చాలు. ప్రాణం తీసుకోవాలని ఆ వంతెన దాకా వెళ్లిన ఒక రైతు కథ ఇది. ఆయన వయసు, పిల్లల చదువులు, అప్పు లెక్కలు కొద్దికొద్దిగా మార్చాను. రాసిందంతా ఆయనకూ ఆయన భార్యకూ చదివి వినిపించాను. రెండు చోట్ల వద్దన్నారు, తీసేశాను.

నేను డాక్టర్ని కాను, సైకియాట్రిక్ సోషల్ వర్కర్ని. వారంలో నాలుగు రోజులు పీహెచ్‌సీలు తిరుగుతాను. ఊళ్లలో నన్ను "మైండ్ మేడం" అంటారు. మొదట్లో కోపం వచ్చేది, ఇప్పుడు అలవాటైపోయింది.

యాసంగి నీళ్లు వదిలిన వారంలో ఒక పొద్దున ఆశా కార్యకర్త ఫోన్ చేసింది. "మేడం, ఇయ్యాల మా దిక్కు వస్తరా? ఒకాయనకు గ్యాస్ ట్రబుల్ ఉన్నది, జర మీరే చూడాలె." గ్యాస్ ట్రబుల్‌కు నన్నెందుకు పిలుస్తారు? పక్కన ఎవరో ఉన్నారని, అసలు మాట నోటితో అనలేకపోతోందని అర్థమైంది. నేను వెళ్లేసరికి ఓపీ చీటీ మీద కూడా "గ్యాస్" అనే రాయించి పెట్టారు.

జరిగింది ఇది. తెల్లవారుజామున నాలుగున్నర దాటాక ఆయన కాలువ వంతెన మీద ఒక్కడే నిలబడి ఉన్నాడు. పక్క ఊరి చేన్లో గొర్ల మంద పెట్టి ఇంటికి వస్తున్న ఒక ముసలాయన అటుగా వచ్చాడు. "కొడుకా, అగ్గిపెట్టె ఉన్నదా?" అని అడిగాడు. లేదన్నాడు. "మరి గీ చలిల గీడెందుకు నిలవడ్డవు? రా పోదాం, మీ ఇంట్ల పొయ్యి కాడ ముట్టిచ్చుకుంట" అని చేయి పట్టుకున్నాడు. ఇద్దరూ నడుచుకుంటూ ఊళ్లోకి వచ్చారు. ఇంటి అరుగు మీద కూర్చున్నాక ఆయనకు ఏడుపు ఆగలేదు.

తర్వాత ఒకరోజు ఆ తాతను కలిసి, ఏం చూసి అనుమానం వచ్చిందని అడిగాను. "నేనేం కనిపెట్టలే బిడ్డా. చుట్ట ముట్టిచ్చుకోవాలె, నా అగ్గిపెట్టె మంచుకు తడిసింది" అన్నాడు. ట్రైనింగుల్లో ప్రమాద సూచనలు ఎలా గుర్తించాలో నేను పది స్లైడ్లు వేసి చూపిస్తాను. తాత ఒక్క స్లైడూ చూడలేదు.

మొదటి రోజు

వ్యాక్సిన్ గదిలో కూర్చున్నాం. ఆ పీహెచ్‌సీలో తలుపు వేసుకుని మాట్లాడుకోగల గది అదొక్కటే. ఆయన మొదటి మాట: "కేసైతదా మేడం?"

కాదని చెప్పాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే అనుకోవాలి, శిక్షించకూడదు. సంరక్షణ, చికిత్స అందించాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. అప్పటికి ఆ ప్రయత్నాన్ని నేరమనే ఐపీసీ 309 పుస్తకంలో ఇంకా ఉంది. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చాక ఆ సెక్షనే పోయింది. ప్రభుత్వ ఉద్యోగిని డ్యూటీ చేయనీయకుండా ఒత్తిడి పెట్టడానికి చేసే ప్రయత్నం మీద మాత్రం 226 అని ఒకటి మిగిలింది. చట్టం మారి ఇన్నాళ్లయినా ఊళ్లలో పోలీసు భయం పోలేదు. గ్యాస్ అని రాయించుకోవడం ఆ భయంతోనే.

రెండో మాట నాది. "అన్నా, సచ్చిపోవాలనిపించిందా?"

ఈ ప్రశ్న ఇంత సూటిగా అడగాలంటే ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకూ నోరు పెగిలేది కాదు. అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందేమోనని భయం. పరిశోధనలు అలా జరగదనే చెబుతున్నాయి, నా అనుభవమూ అదే. అడగ్గానే మనిషి భుజాలు దిగుతాయి. ఈయనకూ అంతే. "అనిపిస్తున్నది మేడం, నాలుగు నెలల సంది" అన్నాడు. ఆ నాలుగు నెలల్లో ఆయన ఆరెంపీ దగ్గరికి ఆరుసార్లు వెళ్లాడు. గుండె దడ, నిద్ర లేకపోవడం, కడుపులో మంట. ప్రతిసారీ గ్లూకోజ్ ఎక్కించుకుని వచ్చాడు. ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు, ఆయనా చెప్పలేదు.

38 ఏళ్లు. సొంతం ఎకరం, కౌలుకు మూడెకరాలు, మిర్చి. 2021-22 సీజన్‌లో నల్ల తామర పురుగు వరంగల్, ములుగు, మహబూబాబాద్, ఖమ్మం వైపు మిర్చిని ఊడ్చేసిన సంగతి ఇక్కడ ఎవరికీ గుర్తు చేయక్కర్లేదు. పూతలో దూరింది, పిందె నిలవలేదు, చాలామంది తోటలు దున్నేశారు. ఆయనా దున్నాడు. అంతకుముందే కొట్టిన మందులకు దుకాణంలో ఉద్దెర ఉంది. అది తీర్చడానికి తెలిసినాయన దగ్గర 2 లక్షలు తెచ్చాడు, మూడు రూపాయల మిత్తికి. అంటే నెలకు 6,000, ప్రతి 5వ తారీఖున. రెండేళ్లలో 1,44,000 మిత్తే కట్టాడు. అసలు అక్కడే ఉంది.

మా దగ్గర "మందు" అంటే నాలుగు: గోలీ, బెల్టు షాపు సీసా, పురుగుల మందు, యూరియా బస్తా. "మందేసిన" అని ఎవరైనా అంటే ఏ మందో విడిగా అడిగి తీరాలి. ఈయన రాత్రి నిద్ర కోసం సీసా మొదలుపెట్టాడు. డిప్రెషన్ ఎంత ఉందో కొలిచే ప్రశ్నల పట్టీ పీహెచ్‌క్యూ-9లో 27కి 20 వచ్చింది. మెడికల్ ఆఫీసర్ చూశారు, మర్నాడు జిల్లా ఆసుపత్రి సైకియాట్రిస్టు చూశారు. డిప్రెషన్ గోలీలు మొదలయ్యాయి, పదిరోజులకు సరిపడానే, అదీ భార్య చేతికి. అవి పట్టుకోవడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని, మొదటి వారాల్లో మరింత కనిపెట్టుకుని ఉండాలని ఇద్దరికీ చెప్పారు. తాగుడు ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్స్ రావచ్చు కాబట్టి దానికి వేరే గోలీలు, వేరే లెక్క.

వరంగల్ పంపి చేర్పించాలా, ఇంట్లోనే ఉంచాలా అన్నదే ఆ రోజు అసలు నిర్ణయం. భార్య తమ్ముడు వచ్చి ఉంటానన్నాడు, పురుగుల మందు డబ్బాలు ఆ సాయంత్రమే అన్నగారింటికి వెళ్లి తాళంలో పడ్డాయి, ఆయన కూడా రాత్రిళ్లు ఒంటరిగా ఉండనని ఒప్పుకున్నాడు. డాక్టరు ఇంట్లోనే ఉంచుదామన్నారు, నేనూ సరేనన్నాను. ఇంకొకరైతే చేర్పించేవారేమో. ఆ నిర్ణయం గురించి ఇప్పటికీ అప్పుడప్పుడు ఆలోచిస్తుంటాను.

ఎప్పుడు?

అందరూ అడిగేది "ఎందుకు?" అని. ఎస్సై, సర్పంచ్, బంధువులు, చివరికి మా ఫారంలో గడి కూడా అదే అడుగుతుంది. జవాబులకు కొదవ లేదు: మిర్చి, మిత్తి, కౌలు, బిడ్డ కాలేజీ ఫీజు, తమ్ముడితో గెట్టు పంచాయితీ. అన్నీ నిజమే. కానీ అప్పు వయసు రెండేళ్లు, గెట్టు గొడవ వయసు పదేళ్లు. ఆ మంగళవారమే ఎందుకు వంతెన దాకా వెళ్లాడో వీటిలో ఏదీ చెప్పదు.

కాబట్టి "ఎప్పుడెప్పుడు అనిపిస్తది అన్నా?" అని అడిగాను. అప్పుడు బయటపడింది. రాత్రి తాగి తొమ్మిదింటికల్లా పడుకుంటాడు. దిగాక మూడున్నరకు మెలకువ. ఇక నిద్ర రాదు. "కండ్లు మూస్తే అంకెలు తిరుగుతయ్ మేడం. ఆరువేలు, రెండు లక్షలు, మల్ల ఆరువేలు." భార్య లేచేది ఐదున్నరకు. నడుమ రెండు గంటలు ఇంట్లో ఎవరూ లేచి ఉండరు. 5వ తారీఖు దగ్గరపడ్డకొద్దీ ఆ రెండు గంటలు ఇంకా పొడుగవుతాయి. మేం కలిసిన రోజు తారీఖు 5.

ఆ ఆలోచన వచ్చినప్పుడు వరుసగా ఏం చేయాలో, ఎవరిని పిలవాలో ముందే రాసిపెట్టుకునే సేఫ్టీ ప్లాన్ దాని మీదే కట్టాం. బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ తయారుచేసిన పద్ధతి ఇది. అమెరికాలో ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లకు ఈ ప్లాన్ రాయించి, తర్వాత ఫోన్లు చేస్తూ ఉంటే, మామూలుగా పంపేసినవాళ్లతో పోలిస్తే ఆరు నెలల్లో మళ్లీ అలాంటి ప్రయత్నాలు 45 శాతం తక్కువగా ఉన్నాయని 2018లో వాళ్లు ప్రచురించారు. మాది విత్తనాల కంపెనీ ఇచ్చిన పాకెట్ డైరీలో, ఆయన మాటల్లో, ఆయన చేతిరాతతో. ముందు గుర్తు: అంకెలు తిరగడం. అప్పుడు మంచం మీద ఉండకూడదు, లేచి బర్రె దగ్గరికి వెళ్లాలి, పేడ తీయాలి, గడ్డి వేయాలి. తగ్గకపోతే భార్యను లేపాలి. "లేపితే ఏడుస్తది" అన్నాడు. "ఏడిస్తే ఏడుస్త గని లేపు" అని ఆమె పక్క నుంచి అంది. ఆ వాక్యం అలాగే డైరీలో రాయించాను. ఆ తర్వాత బామ్మర్ది, ఒక సోపతిగాడు, ఆశా, నేను. ఎవరూ ఎత్తకపోతే 14416. 2022 అక్టోబర్ 10న మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు అది, తెలుగులో, రాత్రీ పగలూ, ఖర్చు లేదు. 5వ తారీఖు చుట్టూ వంతెన దారి వదిలేసి చెరువు కట్ట మీంచి చేనికి పోవాలి.

"ధైర్యంగా ఉండు" అన్న మాట ప్లాన్‌లో ఎక్కడా లేదు. అది అప్పటికే ఊరంతా ఆయనకు చెప్పేసింది.

వంతెన మీది కథ

ఊళ్లో ఆ వంతెనకు అప్పటికే ఒక చెడ్డ పేరు పడింది. ఆ మధ్య ఇద్దరు అక్కడ చనిపోయారు. అంతకుమించి రాయను. "ఆ వంతెన మనుషులను గుంజుతది" అని అనుకోవడం మొదలైంది. పోచమ్మకు కోడిని కోశారు, అది వాళ్ల నమ్మకం, నాకే అభ్యంతరమూ లేదు. కోడి కూర కోసమైనా నలుగురు అక్కడ కూర్చుని మాట్లాడుకున్నారు. నన్ను కలవరపెట్టింది ఆ "గుంజుతది" అన్న మాట. ఎందుకంటే ఆయన కూడా నాతో అదే అన్నాడు: "వంతెన పిలిచినట్టు అనిపించింది మేడం." బాధలో ఉన్న మనిషికి ఊరు ఒక దారి నేర్పిపెట్టింది. ఇక్కడ పేరు రాయకపోవడానికి కారణం ఇదే. 2019లో ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పత్రికలకు ఇచ్చిన మార్గదర్శకాలు కూడా చోటునూ పద్ధతినీ వివరించొద్దనే చెబుతున్నాయి. ఊరి ముచ్చట్లకు, వాట్సాప్ గ్రూపులకు ప్రెస్ కౌన్సిల్ ఉండదు.

ఒక యువజన సంఘం వాళ్లు మంచి ఉద్దేశంతో వంతెనకు ఫ్లెక్సీ కట్టారు: "ఆత్మహత్య మహాపాపం". దాన్ని తీయించడానికి నాకు మూడు మీటింగులు పట్టాయి. తనకు తాను పనికిరానివాణ్ని అనుకుంటూ వచ్చే మనిషికి, నువ్వు పాపివి కూడా అని మనమే చెప్తున్నామన్నాను. ఒక కుర్రాడు నిజాయితీగా అడిగాడు: "మరి ఏం రాయాలె మేడం?" చివరికి అతనే రాశాడు: "మనసు బాగలేదా? ఆగు, చాయ్ తాగు, మాట్లాడు. 14416." మా ఆఫీసు రాయించిన ఏ బోర్డు కన్నా అది మేలు.

చాయ్ మాట ఉత్తగా రాయలేదు. పంచాయతీ మీటింగులో ఈ వంతెన మీద మనుషులు లేని టైం ఎప్పుడని అడిగితే కాలువ కాపలా చూసే లస్కర్ చెప్పాడు. కాలువ గట్టు వెంబడి రోజూ తిరిగేవాడికి తెలియనిది ఉండదు. పాలవాళ్లు ఐదు దాటాక వస్తారు, కూలీల ఆటోలు ఆరింటికి. నాలుగు నుంచి ఐదు దాకా పురుగు కూడా ఉండదు. బస్టాండ్ దగ్గర చాయ్ డబ్బా నడిపే ఆయన్ని వంతెన మొదట్లోకి రమ్మన్నారు. పంచాయతీ తైబజారు వసూలు మానేసింది, ఒక ఎల్ఈడీ లైటు పెట్టించింది, ఆయన పొద్దున నాలుగింటికి పొయ్యి వెలిగించడానికి ఒప్పుకున్నాడు. బెల్టు షాపాయన కూడా తనకూ అక్కడ జాగా కావాలని వచ్చాడు. ఆ దరఖాస్తు మీద చర్చ జరగలేదు.

తర్వాత పంచాయతీ ఆఫీసులో రెండు గంటల ట్రైనింగ్. ఆశాలు, అంగన్‌వాడీ టీచర్, లస్కర్, చాయ్ ఆయన, ఇద్దరు ఆటో డ్రైవర్లు, చుట్ట తాత. దేశంలో 2022లో లక్ష మందికి 12.4 మంది ఇలా చనిపోతే, తెలంగాణలో 26.3 అని జాతీయ నేర రికార్డుల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) లెక్క చూపించాను. ఊరికి ఏదో శాపం తగిలిందన్న మాట ఆ అంకెతో కొంచెం తగ్గింది. దగ్గరికి వెళ్లి పలకరించండి, సూటిగా అడగండి, ఒంటరిగా వదలొద్దు, ఫోన్ చేయండి. ఇంతే చెప్పాను.

సూటిగా అడగడం దగ్గర బండి ఆగింది. అంగన్‌వాడీ టీచర్ లేచి, "పైన తథాస్తు దేవతలు ఉంటరు మేడం, అసొంటి మాట నోటితోని ఎట్ల అంటం?" అంది. గదిలో అందరూ తల ఊపారు. స్లైడ్లలో దీనికి జవాబు లేదు. నేను తడుముకుంటుంటే ముసలి ఆశా ఒకామె అంది: "ఆ మనిషి మనసుల వెయ్యి సార్లు అనుకుంటుండు. తథాస్తు దేవతలు అది ఇంటలేరా? మనం అడిగితే గదా వద్దు అంటడు, ఆ వద్దుకు తథాస్తు అంటరు." అప్పటి నుంచి ఏ ఊళ్లో ట్రైనింగ్ ఇచ్చినా ఈ మాట ఆమెదేనని చెప్పి వాడుకుంటున్నాను.

నా పొరపాటు

మొదటి నెల బాగానే గడిచింది. నేను ప్రతి సోమవారం పదకొండింటికి ఫోన్ చేసేదాన్ని. "మంచిగనే ఉన్న మేడం" అనేవాడు. ఫైల్లో "ఇంప్రూవింగ్" అని రాసుకున్నాను. పదకొండింటికి ఆయన ఎప్పుడూ మంచిగానే ఉంటాడు, ఎండలో చేనులో ఉంటాడు. నాలుగున్నర మనిషికి పదకొండింటికి ఫోన్ చేస్తున్నానని నాకు తట్టలేదు. సోమవారం పదకొండు ఎందుకంటే, నాకు ఆఫీసులో ఖాళీ దొరికేది అప్పుడే. "ఎప్పుడు" అన్న ప్రశ్న కనిపెట్టానని సంబరపడ్డదాన్ని, నా డైరీకి వచ్చేసరికి దాన్నే మరిచాను.

రెండో నెల 4వ తారీఖున బామ్మర్ది తన కూతురి ఓణీల ఫంక్షన్‌కు ఊరెళ్లాడు. భార్యకు జ్వరం. ఆ వారం మిర్చి ఏరివేత కూలీలకు డబ్బు ఇచ్చేసరికి మిత్తికి చేతిలో ఏమీ మిగల్లేదు. 5న తెల్లవారుజామున లేచాడు, బర్రెకు గడ్డి వేశాడు, భార్యను లేపలేదు, ఫోన్ ఇంట్లో పెట్టి బయల్దేరాడు. చెరువు కట్ట వైపు కాదు.

వంతెన మొదట్లో లైటు, పొయ్యి. చాయ్ ఆయన చూశాడు. ట్రైనింగ్‌లో విన్న వాక్యం ఆయనకు సమయానికి గుర్తు రాలేదట. "అన్నా, పాలు పొంగేటట్టున్నయ్, జర పట్టు" అని గిన్నె చేతికిచ్చాడు. ఆ తర్వాత చాయ్ పోసి, బల్ల మీద కూర్చోబెట్టి, అప్పుడు అడిగాడు: "సచ్చిపోవాలనిపిస్తున్నదా అన్నా?" అవునన్నాడు. చాయ్ ఆయన తన ఫోన్ నుంచే 14416 కలిపి చేతికిచ్చాడు, ఇంకో కుర్రాడిని ఆశా ఇంటికి పంపాడు. నాకు ఆరింటికి తెలిసింది.

ఆ రోజు నుంచి నా ఫోన్ల టైం మారింది. 4, 5, 6 తారీఖుల్లో పొద్దున నాలుగున్నరకు అలారం పెట్టుకుంటున్నాను. ఇది ఉద్యోగ నిబంధనల్లో లేదు, అందరు వర్కర్లూ చేయాలనీ చెప్పను. నాకు అరవై డెబ్బై ఓపెన్ ఫైళ్లు ఉంటాయి, అందరికీ ఇలా చేస్తే నేనే మంచాన పడతాను. కానీ ఏ ఫైలుకు ఏ గంట ముఖ్యమో మొదటి పేజీ మీద రాసుకోవడం మాత్రం అందరం చేయగలం.

బిడ్డ

పెద్దమ్మాయి హన్మకొండలో ఇంటర్, హాస్టల్. ఆమెకు చెప్పొద్దని తల్లిదండ్రులు అనుకున్నారు. ఆమెకు ఆ మొదటి రోజే తెలిసిపోయింది. అరుగు మీద ఆయన ఏడుస్తున్నప్పుడు ఎవరో ఫోన్‌లో వీడియో తీశారు, మధ్యాహ్నానికల్లా అది మూడు గ్రూపులు దాటి ఆ అమ్మాయి క్లాస్‌మేట్ ఫోన్‌కు చేరింది. ఎస్సై అడ్మిన్‌లను పిలిచి తీయించారు. కానీ చూసినవాళ్ల కళ్లలోంచి ఎవరు తీస్తారు?

నేను ఆ అమ్మాయిని కలిసింది రెండో 5వ తారీఖు తర్వాత. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, చున్నీ కొస మెలిపెడుతూ కూర్చుంది. తర్వాత, "మేడం, మా నాన్న నా ఫీజు కోసమే గట్ల చేసిండా?" అంది. రెండు నెలలుగా ఆమె మెస్‌లో ఒక పూట తినడం మానేసి ఆ డబ్బు దాస్తోంది. 2,300 రూపాయలు జమ చేసింది.

ఈ ప్రశ్నకు అబద్ధం చెప్పకూడదు. ఫీజు లెక్కల్లో ఉంది. "మీ నాన్నకు జబ్బు చేసింది. ఆ జబ్బుల చిన్న అంకె కూడ పెద్దగ కనవడ్తది. నీ ఫీజు కూడ అట్లనే కనవడ్డది. జబ్బు నువ్వు తేలే" అన్నాను. ఆమెకు సగం నచ్చింది. ఇంటికి తీసుకెళ్లి నాన్న ముందు కూర్చోబెడితే మిగతా సగం ఆయనే చెప్పాడు. అక్కడ వాళ్లన్న మాటలే ఆయన కొట్టేయమన్న రెండు చోట్లలో ఒకటి.

కుటుంబంలో పిల్లలకు చెప్పకపోవడం వాళ్లను కాపాడుతుందని నేనూ చాలాకాలం అనుకున్నాను. ఆ వీడియో లేకపోయినా ఆ పిల్ల ఏదో ఒకటి ఊహించుకునేదే.

అప్పు మాట. కౌన్సెలింగ్ మిత్తి కట్టదు. 2024లో 2 లక్షల వరకు రుణమాఫీ వచ్చింది, అది బ్యాంకు పంట రుణాలకు. ఈయన అప్పు బ్యాంకుది కాదు. పెద్దమనుషులు కూర్చుని మూడు రూపాయలను రూపాయిన్నరకు దించారు, ఇప్పటిదాకా కట్టిన మిత్తిలో కొంత అసలులోకి జమ చేయించారు. అప్పిచ్చినాయన చెడ్డవాడేం కాదు, ఆయనకూ ఎక్కడో మిత్తి కట్టేది ఉంది. కట్టే తారీఖును 5 నుంచి పంట అమ్మిన తర్వాతకు మార్చమని నేను అడిగాను, పెద్దమనుషులకు అది వింతగా తోచింది. "తారీఖు మారితే ఏమైతది మేడం?" అన్నారు. మార్చారు.

పిట్టగోడ

నాకు చేతకాని పని ఇది, అందుకే ఎక్కువ రోజులు పట్టింది. వంతెన పిట్టగోడ పాతది, మోకాలి ఎత్తు. ఒక పక్క హార్వెస్టర్ తగిలి ఎప్పుడో విరిగింది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కోడ్ ప్రకారం వంతెన రెయిలింగ్ కనీసం 1.1 మీటర్లుండాలి. దరఖాస్తులో "ఆత్మహత్య" అన్న మాట రాయొద్దని సర్పంచ్, నేను అనుకున్నాం. స్కూలు పిల్లలు, రాత్రిపూట బైకులు, బర్రెలు అని రాశాం. అబద్ధం కాదు, రెండు బర్రెలు నిజంగానే పడ్డాయి. ఆ మాట రాస్తే వంతెన పేరు పేపర్లోకి వెళ్లేది.

కాలువ ఒకరిది, దాని మీది రోడ్డు ఇంకొకరిది. ఒక ఆఫీసు ఇంకో ఆఫీసును చూపించింది, నెలలు గడిచాయి. చివరికి ఒక ఇంజనీర్ విషయం పసిగట్టి నన్ను పక్కకు పిలిచాడు. "మేడం, కాలువ 284 కిలోమీటర్లు. ఇక్కడ మీరు కంచె కడితే ఇంకో చోటికి పోతరు. గవర్నమెంటు పైసలు దండుగ." ఆయన తప్పుగా ఆలోచించలేదు, అందరూ అలాగే ఆలోచిస్తారు. అమెరికాలో గోల్డెన్ గేట్ వంతెన మీద 1937 నుంచి 1971 దాకా ఆపి వెనక్కి పంపిన 515 మంది తర్వాత ఏమయ్యారో రిచర్డ్ సైడెన్ అనే ఆయన 1978లో లెక్క తీశాడని చెప్పాను. దాదాపు 94 శాతం మంది అప్పటికి బతికే ఉన్నారు, లేదా మామూలు చావే చనిపోయారు. ఇంగ్లండ్‌లో క్లిఫ్టన్ వంతెనకు 1998లో కంచె వేశాక అక్కడి మరణాలు సగానికి తగ్గాయి. ఆ గంట గడిస్తే చాలామందికి ఇంకో చోటు వెతికే ఓపిక, కోరిక రెండూ ఉండవు. నేనేమో ఇంజనీర్‌కు అంకెలు చెబుతున్నాను, ఆయనకు మాత్రం చాయ్ డబ్బా కథ నచ్చింది. "పాల గిన్నె పట్టమన్నడా?" అని రెండుసార్లు అడిగాడు.

ఎండాకాలం కాలువ బంద్ చేసినప్పుడు పని జరిగింది. నేను ఇంకా ఎత్తు అడిగాను, కుదిరింది మీటరున్నర, పైపులు, మెష్. హార్వెస్టర్ పట్టాలి కాబట్టి రెయిలింగ్‌ను అంచుకు జరిపారు, గడ్డి ట్రాక్టర్ల వాళ్లు అప్పటికీ తిట్టుకున్నారు. ఆడవాళ్లు ఇంకో సంగతి లేవనెత్తారు, అది మా ఎవరికీ తట్టలేదు: సద్దుల బతుకమ్మ నాడు ఎక్కడి నుంచి వదలాలి? దాంతో ఊరివైపు గట్టుకు మెట్లు, వాటి పక్కన పట్టుకోవడానికి గొలుసు వచ్చాయి. పిల్లలు జారిపడ్డా, బర్రె దిగినా ఆ మెట్లే దిక్కు ఇప్పుడు. మెష్ కట్టిన నెలలోపే దానికి కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీలు వేలాడాయి. తీసేస్తే మళ్లీ కడుతున్నారు.

రెండు కిలోమీటర్ల కింద ఇంకో వంతెన ఉంది, అది ఇంకా అలాగే ఉంది. దరఖాస్తు ఇచ్చాం.

ఇప్పుడు

ఏడాదిన్నర దాటింది. పీహెచ్‌క్యూ-9 ఇప్పుడు 6, 7 దగ్గర ఉంటోంది. తాగుడు నాలుగు నెలలు పూర్తిగా మానాడు, దసరాకు మళ్లీ మొదలైంది, మళ్లీ తగ్గించాడు. గోలీలు ఆపుతానంటాడు, డాక్టరు ఇంకొన్నాళ్లంటున్నారు. పాకెట్ డైరీ చిరిగిపోతే రెండోసారి రాసుకున్నాం. కొత్తదాంట్లో ఆయనే ఒక వాక్యం కలిపాడు: "చాయ్ డబ్బ కాడికి పోవాలె." వంతెన దారి మానేయాలని మొదటి డైరీలో రాసింది నేనే. ఇప్పుడు ఆయన రోజూ పొద్దున అక్కడికే పోతున్నాడు. వద్దనాలా వద్దా అని సైకియాట్రిస్టుతో మాట్లాడాను. వద్దనలేదు.

ఫైలు మూయలేదు. మిత్తి తారీఖు మారినా ఆయన ఒంటికి ఇంకా 5వ తారీఖే గుర్తుంది, ఆ రోజు మూడున్నరకే మెలకువ వస్తుంది. మొన్న 5న నాలుగున్నరకు ఫోన్ చేశాను.

"బర్రె పాలు పిండుతున్న మేడం, జర ఆగి నేనే చేస్త" అన్నాడు.

చేయలేదు. ఆరింటికి నేనే మళ్లీ చేశాను, ఎత్తాడు.